గాలికి వివేకం వచ్చిన రోజు

ఒకప్పుడు గాలికి గింజా పొట్టూ రెండూ ఒకటే. ఏది బరువో, ఏది తేలికో దానికి పట్టేది కాదు. ఎదురొచ్చినదాన్ని ఎత్తుకుపోవడం ఒక్కటే తెలుసు. ఎండుటాకు కనిపిస్తే ఎండుటాకు, ఆరేసిన చీర కనిపిస్తే చీర, పిట్టగూడు కనిపిస్తే గుడ్లతో సహా గూడు. "ఇదేం పని?" అని ఎవరైనా అడిగితే, "నాకు పక్షపాతం లేదు, నాకు అన్నీ సమానమే" అనేది. అదేదో పెద్ద గొప్ప అన్నట్టు చెప్పేది కూడా.

అందుకని ఆ కాలంలో కల్లం ఆరుబయట చేసేవాళ్లు కాదు. నవ్వకండి. కంకులు ఇంట్లోకి మోసుకొచ్చి, తలుపులు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, లోపల కూచుని నూర్చేవాళ్లు. చెమటకు ఒళ్లంతా నూగు అంటుకుని దురద పెట్టేది. గోక్కుంటూ నూర్చేవాళ్లు, దగ్గుతూ నూర్చేవాళ్లు, గాలిని తిడుతూ నూర్చేవాళ్లు.

నూర్చాక అసలు పని మొదలయ్యేది. ఆడవాళ్లు వరసగా కూచుని గోళ్లతో ఒక్కో గింజా ఏరేవాళ్లు. గట్టిది ఇటు, తాలు అటు. తాలంటే తెలుసు కదా? పైకి గింజలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తుస్సుమంటుంది. ఆ ఊళ్లో పండేవి కొర్రలు. కొర్రగింజ ఎంతుంటుందో మీ అమ్మనడిగి చూడండి. అలాంటివి గంపలకొద్దీ ఏరాలంటే గోళ్లు అరిగిపోవూ? అరిగిపోయేవి.

ఆ ఊరి పేరు బూడిదగట్టు. ముప్పై ఇళ్లు. అందరి విత్తనాలూ ఓబులమ్మ ఇంట్లో ఉండేవి. ఆ ఊరి కట్టుబాటు అది. ఎవరింట్లో వాళ్లు దాచుకుంటే ఆకలేసినప్పుడు వండుకుని తినేస్తారని, ఊరంతా కలిసి ఒక్క మనిషి చేతిలో పెట్టేవాళ్లు. ఓబులమ్మ ఆ విత్తనాల్లో వేపాకూ బూడిదా కలిపి, పురుగు పట్టకుండా, ఎలుక కొరక్కుండా కాపాడేది. తన పిల్లలు ఆకలని ఏడ్చినా ఆ గాదె మూత తీసేది కాదు. మాట కాస్త కటువు గానీ మనిషి గట్టిది.

ఒక ఏడు ఏమైందంటే, కొర్ర పాలుపోసుకుని గింజ గట్టిపడే వేళకు వాన మొహం చాటేసింది. కంకులు నిటారుగా నిలబడ్డాయి. నిలబడ్డాయంటేనే తెలిసిపోదూ, లోపల బరువు లేదని. కోసి నూర్చి చూస్తే కుప్ప పెద్దదే, అందులో ముప్పాతిక తాలే. ఊరికి తినడానికి అంతంత మాత్రం మిగిలింది. విత్తనానికని ఓబులమ్మ ఇంట్లో పోసింది ఆ తాలూ గింజా కలిసిన కుప్పే.

ఏరకుండా అలాగే చల్లేస్తే పోదా అంటారేమో. అంతకు ముందు ఒకసారి అలాగే చల్లారు. ఒక సాలులో పది మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి, పక్క నాలుగు సాళ్లు బోసిపోయాయి. ఆ ఏడు ఊళ్లో ముగ్గురు ముసలివాళ్లు చనిపోయారు. ఆకలితో అని ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

కాబట్టి ఏరాలి. ఏరడానికి నెల పడుతుంది. వాన చూస్తే ఆకాశం అంచున నిలబడి ఉంది, మూడు నాలుగు రోజుల్లో వచ్చేసేలా. ఆ వానకు విత్తనం పడకపోతే ఇంక ఆ ఏటికి పంట లేదు.

ఓబులమ్మ పగలంతా ఏరింది. చూపు మసకలు కమ్మింది. ఉక్కపోతకు ఊపిరాడక, ఒక్క క్షణమని పెరటి తలుపు బెత్తెడు తీసింది.

గాలి ఎప్పటినుంచో ఆ తలుపు దగ్గరే తచ్చాడుతోంది. సందు దొరగ్గానే తల దూర్చింది.

"ఏం చేస్తున్నావు ఓబులమ్మా?"

"కనిపించడం లేదా? తాలు తీస్తున్నాను."

"ఒక్కదానివే ఎంతకని తీస్తావు? నేను తీసిపెడతాను" అంది గాలి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. దానికి పనంటే బద్ధకం లేదు.

ఓబులమ్మ అలసిపోయి ఉంది. అలసిపోయిన మనిషికి ఎవరు సాయం చేస్తానన్నా దేవుడిలాగే కనిపిస్తారు. "సరే, తాలు ఎత్తుకుపో" అని తలుపు బార్లా తీసింది. ఏది తాలో గాలికి తెలుసో లేదో అడగలేదు. తెలియదని గాలీ చెప్పలేదు.

గాలి ఊపిరి పీల్చి ఒక్క ఊదు ఊదింది. తాలు లేచింది. గింజ లేచింది. వేపాకు లేచింది, బూడిద లేచింది, చేట కూడా లేచి గోడకు కొట్టుకుంది. ఓబులమ్మ కళ్లు నులుముకుని చూసేసరికి నాలుగు గంపల కుప్పలో ఒక్క గంప మిగిలింది. తక్కినదంతా రాళ్లలో, ముళ్లలో, ఎక్కడెక్కడో పడిపోయింది.

"చూశావా, ఎంత త్వరగా అయిపోయిందో" అంది గాలి సంబరంగా.

ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఇళ్లు తనను నమ్మి పెట్టిన విత్తనం అది. నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు మీకు చెప్పను. చివరికి, "నీవల్ల ఈ ఊరికి ఏనాడూ మేలు లేదు. నువ్వు ఉత్త నాశనానివి. ఇంక ఈ పొలిమేర తొక్కావంటే ఊరుకోను, పో" అంది.

గాలి ఏదో చెప్పబోయింది. ఓబులమ్మ దాని మొహం మీదే తలుపు వేసేసింది.

గాలి వెళ్లిపోయింది.

మరునాడు వేపచెట్టు మీద ఒక్క ఆకు కదల్లేదు. పొయ్యి పొగ పక్కకు వంగకుండా తాడులాగా నిటారుగా లేచింది. ఎద్దులు నాలుక బయటపెట్టి రొప్పాయి. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆకాశం అంచున మబ్బులు మాత్రం, మడుగులో పడుకున్న గేదెల్లాగా ఉన్నచోటు నుంచి కదలకుండా ఉన్నాయి.

ఊళ్లో అందరికన్నా పెద్దవాడు తిమ్మప్ప తాత. ఆయన అరుగు మీద కూచుని మబ్బుల్ని పిలిచాడు. "ఏమ్మా, వస్తారా రారా? నేల నోరు తెరుచుకుని ఉంది."

"మాకు రావాలనే ఉంది తాతా" అన్నాయి మబ్బులు. "మాకు కాళ్లు లేవు కదా. మమ్మల్ని మోసుకొచ్చేది గాలే. అది కనుమలో ముడుచుకుని కూచుంది. మీ ఓబులమ్మే వెళ్లగొట్టిందట."

తిమ్మప్ప తాత ఓబులమ్మ వైపు చూశాడు. ఓబులమ్మ సిగ్గుతో తల దించుకుంది.

ఇంటికొచ్చి ఆ మిగిలిన గంప ముందు కూచుంది. గాలి లేకపోతే వాన లేదు. గాలి వస్తే ఈ గంప కూడా ఉంటుందో లేదో. ఏరుదామని చెయ్యి పెట్టింది. వేళ్లు వాటంతట అవే గట్టిది ఇటు, తాలు అటు పెడుతున్నాయి. అలా ఏరుతూ ఏరుతూ ఒక్కసారి ఆగిపోయింది. తాను చేసిందేమిటో అప్పుడు తట్టింది.

కాసిని కొర్రలు చెంగున కట్టుకుని కొండ వైపు బయలుదేరింది. కనుమ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రెండు బండల మధ్య నీడలో గాలి చుట్ట చుట్టుకుని ఉంది. ఓబులమ్మను చూసి ఇంకాస్త లోపలికి జరిగింది.

"కొట్టడానికొచ్చావా?" అంది.

"లేదు. ఒక మాట చెప్పడానికొచ్చాను" అని ఓబులమ్మ బండ మీద కూచుంది. "నువ్వు గింజా తాలూ కలిపి పారేశావు. అది నీ తప్పు. నేనేం చేశాను? నువ్వు చేసిన చెడునీ, నువ్వు చేసే మేలునీ కలిపి నిన్నే పారేశాను. మబ్బుల్ని మోసేదీ నువ్వే, మా పిల్లల చెమట ఆర్చేదీ నువ్వే. కోపంలో అదేమీ కనిపించలేదు. నీ తప్పును తిట్టాల్సింది, నిన్ను తిట్టాను. పొద్దస్తమానం ఏరే మనిషిని, ఈ ఒక్కటి ఏరలేకపోయాను."

గాలి మెల్లగా, "నాకు నిజంగా తెలియదు ఓబులమ్మా" అంది. "రెండూ పచ్చగానే ఉన్నాయి. రెండూ గుండ్రంగానే ఉన్నాయి. ఏది తాలో నాకెలా తెలియాలి? అడిగితే నవ్వుతావని అడగలేదు."

ఓబులమ్మ చెంగు విప్పి రెండు గింజలు అరచేతిలో పెట్టుకుంది. ఒకటి గట్టిది, ఒకటి తాలు. చెయ్యి చాపింది.

"నేను ముట్టుకోను. రెండూ ఎగిరిపోతాయి" అంది గాలి.

"ఎత్తుకుపొమ్మనలేదు. అడగమంటున్నాను."

"ఏమని అడగాలి?"

"వస్తావా అని అడుగు. అంతే."

గాలి భయం భయంగా ముందుకొచ్చి అరచేతి మీద ఊదింది. రెండు గింజలూ ఎగిరి బండ మీద పడ్డాయి.

"అలా గదమాయిస్తే ఎవరైనా లేచి వస్తారు" అంది ఓబులమ్మ. "రానని చెప్పే వీలు దానికి ఉండాలి. అడగడమంటే అదీ. మళ్లీ అడుగు."

ఈసారి గాలి ఎంత మెల్లగా అడిగిందంటే ఏ గింజకూ వినపడలేదు. రెండూ కదలకుండా ఉండిపోయాయి.

"అంత గొణిగితే ఎట్లా? వినపడేలా అడుగు, భయపడేలా కాదు."

ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఓబులమ్మ చెయ్యి నొప్పెడితే ఇంకో చెయ్యి చాపింది. చివరికి ఒకసారి గాలి ఎక్కువా తక్కువా కాకుండా, పక్కింటివాళ్లను పిలిచినట్టు, "వస్తావా?" అంది.

"వస్తా వస్తా" అంటూ తాలు గింజ వెంటనే లేచింది. "ఇక్కడ నాకేం పని? నాలుగూళ్లు చూసొస్తాను."

గట్టి గింజ కొంచెం దొర్లి, మళ్లీ సర్దుకుని అక్కడే ఆగింది. "నేను రాను. నాకు మట్టిలో పనుంది" అంది.

గాలి నిలబడిపోయింది. ఇన్ని వేల ఏళ్లలో దాన్ని ఎవరూ రానని అనలేదు. అనే వీలు అది ఎవరికీ ఇవ్వనేలేదు.

ఇద్దరూ కలిసి ఊరికొచ్చారు. పొద్దు ఇంకా ఉంది. ఓబులమ్మ ఇంట్లో ఉన్న గంప తీసుకొచ్చి ఊరి ముందర బండ మీద, ఆరుబయట దించింది. జనం చుట్టూ మూగారు. ఒక ఆడమనిషి వచ్చి గంప మీద పడి రెండు చేతులతో కప్పేసింది. "ఉన్నది ఇదొక్కటే. ఇది కూడా దానికే ఇస్తావా?" అని ఏడ్చింది.

తిమ్మప్ప తాత కర్ర ఊతగా వచ్చి అడిగాడు. "ఓబులమ్మా, ఒకసారి చూశాం కదా. ఇది కూడా పోతే ఊరు ఖాళీ చేసి పోవాల్సిందే. బాగా ఆలోచించుకునే చేస్తున్నావా?"

"ఆలోచించే చేస్తున్నాను పెద్దయ్యా" అంది ఓబులమ్మ. "భయం లేదని మాత్రం చెప్పను. కానీ మొన్న నేను తలుపు తీసి ఊరుకున్నాను. ఇవాళ దాని పక్కనే నిలబడతాను."

తాత కాసేపు మబ్బుల వైపు చూసి, తల ఊపాడు. ఆ ఆడమనిషి గంప మీంచి లేచింది.

ఓబులమ్మ చేటనిండా కొర్రలు తీసుకుని బండ మీద ఎత్తయిన చోట నిలబడింది. చేతులు పైకెత్తి చేటను కొంచెం కొంచెంగా వంచింది. గింజలు సన్నటి ధారగా జారాయి. తల్లులు పిల్లల నోళ్లు మూశారు.

"వస్తారా?" అంది గాలి.

తాలు ధారలోంచి పక్కకు జరిగి, గుంపుగా ఎగురుతూ బండ అవతలికి పోయింది. గట్టి గింజలు సూటిగా దిగి, ఓబులమ్మ కాళ్ల దగ్గర టపటపా రాలాయి. చిన్న కుప్ప అయింది. ఇంకొంచెం పెద్ద కుప్ప అయింది.

ఉన్నట్టుండి గాలి తడబడింది. "ఓబులమ్మా, కొందరు వస్తామనీ అనడం లేదు, రామనీ అనడం లేదు. వీళ్లను ఏం చెయ్యాలి?"

సగం పాలుపోసుకుని ఆగిపోయిన గింజలవి. "తొందరపడి తేల్చకు. మధ్యలో వదిలెయ్. వాళ్లను ఇంకోసారి అడుగుదాం" అంది ఓబులమ్మ. అవి రెండింటికీ నడుమ విడిగా పడ్డాయి. వాటిని మళ్లీ చేటకెత్తి మళ్లీ పోసింది. అందులోంచి కూడా నాలుగు దోసెళ్ల గట్టి గింజలు దొరికాయి.

అంతా అయ్యాక గాలి బండ అవతల పడిన తాలు కుప్ప చుట్టూ తిరిగింది. "దీన్ని ఏ లోయలోనైనా పారబొయ్యనా?" అంది హుషారుగా.

"ఎందుకు పారబొయ్యడం?" అంది ఓబులమ్మ. "గొడ్లు తింటాయి. మిగిలింది గోడలకు మెత్తే మట్టిలో కలుపుకుంటాం. వేరు చెయ్యమన్నాను గానీ పారెయ్యమనలేదు. దాని చోటు దానిది."

గాలికి ఆ మాట బాగా నచ్చింది. ఓబులమ్మ చెమట ఆరేదాకా పక్కనే ఉండి అడిగింది. "నేను ఊడ్చుకుపోతే సుడిగాలంటారు, చెట్లు పడగొడితే పెనుగాలంటారు. ఇవాళ చేసిన ఈ పనికి పేరేమైనా ఉందా?"

ఓబులమ్మ తాత వైపు చూసింది.

తిమ్మప్ప తాత గడ్డం గోక్కున్నాడు. "మా తాతల దగ్గర్నుంచి వచ్చిన పాతమాట ఒకటుంది. వివేకం అని. కలిసిపోయి ఉన్నదాన్ని విడదీసి, ఏది ఏదో చూడటమని దానికి అర్థం. చిన్నప్పుడు బట్టీ పట్టించారు గానీ, దేనికి వాడాలో ఎవరూ చూపించలేదు. ఇన్నేళ్లూ ఊరికే మూటగట్టి పెట్టుకున్నాను. ఇదిగో, ఇవాళ నువ్వు చేసింది అదే."

"మరి ఓబులమ్మ కనుమకొచ్చి చెప్పింది? నా తప్పు వేరు, నేను వేరు అని?" అంది గాలి.

"అదీ అదే" అన్నాడు తాత. "చేటతో చేస్తే కాస్త సులువు. మనసుతో చెయ్యడం కష్టం."

గాలి ఇంకొకటి అడిగింది. "ఇవాళంటే నెమ్మదిగా ఉన్నాను కాబట్టి అడగగలిగాను. రేపు నాకు కోపం వస్తే?"

ఓబులమ్మ గింజలన్నీ గంపలోకి ఎత్తి, పైన గుడ్డ కట్టి, అప్పుడు అంది. "కోపంలో నాకే వివేకం నిలవలేదు. నీకు నిలుస్తుందని నేనెలా చెప్పను? ఉన్నన్నాళ్లు ప్రయత్నం చెయ్."

గాలి వెళ్లి మబ్బుల్ని మోసుకొచ్చింది. గట్టి విత్తనం ఇంటికి ఒక్క దోసెడే వచ్చింది. దాన్నే పొదుపుగా, దూరం దూరంగా చల్లారు. వాన పడింది. వేసిన ప్రతి గింజా లేచింది. ఒక్క సాలు కూడా బోసిపోలేదు. ఆ ఏడు బూడిదగట్టులో ఎవరూ కడుపునిండా తినలేదు, కానీ ఆకలితో ఎవరూ పోలేదు. పంట చేతికొచ్చాక జనం ఇంటి తలుపులు బిగించుకోలేదు. కంకులు ఆరుబయటికే తెచ్చి, చేటలు పట్టుకుని గాలి కోసం ఎదురుచూశారు.

అప్పటినుంచే, చేటతో ఎత్తి పోస్తే గట్టి గింజ మన కాళ్ల దగ్గర పడుతుంది, తాలు ఎగిరి అవతల పడుతుంది. మంచీ చెడూ విడదీసి చూసుకునే బుద్ధికి వివేకమనే పేరు నిలిచిందీ అప్పటినుంచే. తుఫాను రోజున మాత్రం గాలి ఎవరినీ అడగదు. గింజా పొట్టూ, గూడూ గుడ్డూ అన్నీ కలిపి లాక్కుపోతుంది. మరునాడు చూడండి, విరిగిన కొమ్మల మధ్య ఎంత మెల్లగా తిరుగుతుందో. ఒక్కో ఆకు దగ్గరా ఆగి ఆగి, నిన్న అడగాల్సిన మాట ఇవాళ అడుగుతుంది.